గ్రూపులో మెసేజ్ పెడితే బీపీ తగ్గుతుందా?

బీపీయో షుగరో ఉన్న మనిషి ఏడాది మొత్తంలో డాక్టర్ ఎదుట కూర్చునేది మహా అయితే రెండు గంటలు. ఏడాదికి ఉన్నవి 8,760 గంటలు. మాత్ర వేసుకోవడం మరిచిపోయినా, మందు అయిపోయాక వారం రోజులు ఊరుకున్నా, కాలికి తగిలిన చిన్న దెబ్బను పట్టించుకోకపోయినా అదంతా ఆ మిగతా గంటల్లో జరిగేదే. దీర్ఘకాలిక జబ్బు ముదిరినా, అదుపులో ఉన్నా ఆసుపత్రి బయటే. ఆ బయటి కాలమంతా చేతిలో ఉండే వస్తువు ఫోన్. సోషల్ మీడియాతో ఈ జబ్బుల విషయంలో ఏదో చేయవచ్చన్న ఆశ అక్కడి నుంచే పుట్టింది. ఆశ సరైనదే. చిక్కల్లా, ఫోన్ మోగడానికీ బీపీ తగ్గడానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో చూడకుండా పని మొదలుపెట్టడంలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో గుండెజబ్బులు, క్యాన్సర్, షుగర్, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల వంటి అసంక్రామిక వ్యాధులతో కనీసం 4.3 కోట్ల మంది చనిపోయారు. అందులో 1.8 కోట్ల మందికి 70 ఏళ్లు కూడా నిండలేదు. ఆ అకాల మరణాల్లో 82 శాతం అల్ప, మధ్యాదాయ దేశాల్లోనివే. ఈ దేశాల్లో డాక్టర్లూ నర్సులూ తక్కువ, ఆసుపత్రి దూరం, వెళ్లిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఫోన్ మీద అంత ఆశ.

46, 12, 21

బీపీ లెక్కను ఒకసారి విడదీసి చూస్తే ఏ మెట్టు దగ్గర సోషల్ మీడియా పనికొస్తుందో తెలుస్తుంది. 2021లో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వాళ్లలో వందకు 46 మందికి తమకు బీపీ ఉన్న సంగతే తెలియదు. మందు వాడుతున్నవారు 42 మంది. బీపీ అదుపులో ఉన్నవారు 21 మందే.

అంటే తెలియనివారు 46 మంది, తెలిసీ మందు వాడనివారు 12 మంది, వాడుతున్నా అదుపులోకి రానివారు 21 మంది. ఈ మూడూ మూడు వేర్వేరు సమస్యలు. మొదటివారికి కావలసింది పరీక్ష. రెండోవారికి భయం తీర్చే మాట. మూడోవారికి నెలనెలా వెంట ఉండే మనిషి. ఒకే పేజీ తెరిచి, అందులో రోజుకో ఆరోగ్య సూత్రం పెడితే ఈ ముగ్గురిలో ఎవరికీ పెద్దగా ఉపయోగం ఉండదు. ఎక్కువ ప్రాజెక్టులు చేస్తున్నది మాత్రం అదే.

తెలియనివారి కోసం

బీపీకి నొప్పి ఉండదు, జ్వరం రాదు. బాగానే ఉన్నాననుకునే మనిషిని పరీక్షకు రప్పించాలి. ఇక్కడ కావలసింది అందరికీ కనబడే మాధ్యమం: ఫేస్‌బుక్ ప్రకటన, యూట్యూబ్ షార్ట్, ఇన్‌స్టాగ్రామ్ రీల్. 30 సెకన్ల వీడియో చాలు. మాటలు వినకపోయినా అర్థమయ్యేలా తెర మీద అక్షరాలు ఉండాలి. పేదదేశాల్లో డేటా ఖర్చు చూసుకునేవారు వీడియోను సగంలోనే ఆపేస్తారు కాబట్టి అసలు సంగతి మొదటి ఐదు సెకన్లలో చెప్పెయ్యాలి. అసలు సంగతి అంటే ‘బీపీ ప్రమాదకరం’ అన్న మాట కాదు. ఎక్కడికి రావాలి, ఏ రోజు, ఏ వేళ, డబ్బు కట్టాలా వద్దా, ఏం తెచ్చుకోవాలి. ఈ ఐదూ లేని పోస్టుకు వేల లైకులు వచ్చినా పరీక్ష గది ఖాళీగానే ఉంటుంది.

ప్రకటన ఎవరికి చూపాలన్న దాంట్లో ఒక చిక్కుంది. ఆరోగ్యం వంటి సున్నితమైన విషయాల మీద ఆసక్తి చూపినవారిని ఎంచుకునే వీలును ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022 జనవరిలో తీసేసింది. ‘షుగర్ గురించి చదివేవారికి చూపించు’ అనడం ఇప్పుడు కుదరదు. వయసు 40 పైన అని, పరీక్షా కేంద్రం చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని పెట్టుకోవాలి. నిజానికి ఇదే మేలు. బీపీ ఉందని తెలియనివాడు బీపీ గురించి వెతకడు కదా.

ఆన్‌లైన్‌లో చూసినవారిలో ఎందరు కదిలి వస్తారన్నది పెరూ రాజధాని లిమాలో జరిగిన ఒక పరిశోధన చూపిస్తుంది. అది హెచ్‌ఐవీ పరీక్షల మీద జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. 556 మందిని రహస్య ఫేస్‌బుక్ గ్రూపుల్లో చేర్చారు. కొన్ని గ్రూపుల్లో శిక్షణ పొందిన తోటివారు మాట్లాడి ప్రోత్సహించారు. మిగతా వాటిలో మామూలు సమాచారమే పెట్టారు. తోటివారు మాట్లాడిన గ్రూపుల్లో పరీక్ష చేయించుకున్నవారు 17 శాతం, మిగతా గ్రూపుల్లో 7 శాతం. రెట్టింపు కంటే ఎక్కువే, చాలా మంచి ఫలితం. అయినా వందలో 83 మంది రాలేదన్నది కూడా అందులోనే ఉంది. ప్రణాళిక వేసుకునేవారు ఈ రెండో సంఖ్యను దగ్గర పెట్టుకోవాలి.

ఇంతకంటే పెద్ద తప్పు ఒకటుంది: మందులు లేకుండా జనాన్ని పిలవడం. ప్రకటన చూసి 500 మంది వచ్చారనుకుందాం. పెద్దవారిలో దాదాపు మూడో వంతుకు బీపీ ఉంటుంది, అంటే 160 మందికి పైనే. ఒక్కసారి ఎక్కువ వస్తే చాలదు, వేర్వేరు రెండు రోజుల్లో 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే బీపీ అని నిర్ధారణ. అలా చివరికి వందమందికి మందు మొదలుపెట్టినా, రోజుకు ఒక్క మాత్ర చొప్పున నెలకు 3,000 మాత్రలు కావాలి, వచ్చే నెల మళ్లీ 3,000. స్టోర్‌లో అవి లేకపోతే ‘మీకు బీపీ ఉంది, మందు లేదు’ అని చెప్పి పంపాల్సి వస్తుంది. ఆ మనిషి మళ్లీ మీ పోస్టు చూడడు, చూసినా నమ్మడు. పోస్టు పెట్టే ముందు ఫార్మసిస్టును అడగాలి.

తెలిసీ వాడనివారి కోసం

వీళ్లకు సమాచారం కొరత లేదు, పైగా ఎక్కువైంది. ‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానలేం’, ‘ఇన్సులిన్ ఇచ్చారంటే ఇక ఆఖరి దశ’, ‘మాత్రలతో కిడ్నీలు పోతాయి’, ‘ఫలానా పొడితో మూడు నెలల్లో షుగర్ మాయం’. ఇవన్నీ ఫోన్‌లోనే తిరుగుతున్నాయి. ఒక వైపు సోషల్ మీడియాను మందుగా వాడుతుంటే, మరోవైపు అదే జబ్బును పెంచుతోంది. టైప్-1 షుగర్ ఉన్నవారు ఇలాంటి మాట నమ్మి ఇన్సులిన్ ఆపేస్తే కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం పోవచ్చు. ‘మూలికా మందు’ పేరుతో అమ్మే కొన్నింటిలో చెప్పకుండా గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ మాత్రను కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి. షుగర్ నిజంగానే తగ్గుతుంది కాబట్టి జనం నమ్ముతారు. ఎంత మోతాదు కలిపారో తెలియదు కాబట్టి ఒక్కోసారి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. భారత్‌లో షుగర్, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం ఉంది కానీ, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌ను ఎవరు పట్టుకుంటారు?

వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎన్నో చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేసింది. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. వేగం తగ్గింది గానీ పుకారు ఆగలేదు. దాన్ని ఎదుర్కొనే తీరులో సాధారణంగా జరిగే పొరపాటు, పుకారును పెద్ద అక్షరాలతో రాసి కింద ‘ఇది అబద్ధం’ అనడం. చూసినవారికి పుకారే గుర్తుండిపోవచ్చు. ముందు నిజం చెప్పాలి, తర్వాత పుకారును ఒక్క ముక్కలో ప్రస్తావించాలి, అది ఎందుకు తప్పో చెప్పి, మళ్లీ నిజంతో ముగించాలి.

పుకార్లలో సగం నిజం ఉన్నప్పుడు దాన్ని ఒప్పుకోవడం చాలా అవసరం. బీపీ మాత్ర చాలామంది జీవితాంతం వాడాల్సిందే, ఆ మాట నిజం. కారణం మాత్ర అలవాటు కావడం కాదు, జబ్బు ఉండిపోవడం. కళ్లద్దాలు పెట్టుకున్నందుకు చూపు తగ్గదు, తీస్తే మసకగా కనిపిస్తుంది, అంతే. కిడ్నీల విషయంలో నిజం పూర్తిగా తలకిందులు: అదుపులో లేని బీపీ, షుగర్లే కిడ్నీలను తినేస్తాయి. ఈ రెండు వాక్యాలనూ రెండేళ్లుగా మాత్ర వాడుతున్న ఓ తోటి రోగి నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌లో చెబితే, పోస్టర్ కంటే ఎక్కువ పని చేస్తుంది. మాట చెప్పేవారి పేరు, ముఖం బయటపెట్టే ముందు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. తర్వాత వద్దంటే తీసేయాలి.

వాడుతున్నా అదుపులోకి రానివారి కోసం

నిజమైన పని ఇక్కడుంది, మంచి ఆధారాలూ ఇక్కడే ఉన్నాయి. చాలావరకు అవి ఎస్‌ఎంఎస్ కాలం నాటివి, అయినా వాట్సాప్‌కూ అంతే వర్తిస్తాయి.

కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడుతున్న 538 మందితో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. సగంమందికి వారానికోసారి క్లినిక్ నుంచి ఒక మెసేజ్ వెళ్లేది. అందులో ఉండేది ఒక్క మాట: ‘మాంబో?’ స్వాహిలీలో ‘ఎలా ఉన్నారు?’ అని. మందు గురించి గానీ, జబ్బు గురించి గానీ ఒక్క అక్షరం లేదు. ఫోన్ ఇంట్లో ఇంకెవరి చేతిలో ఉన్నా ఏమీ తెలియదు. 48 గంటల్లోగా ‘సావా’, అంటే బాగున్నాను అనో, ‘షీడా’, అంటే ఇబ్బందిగా ఉంది అనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవారికీ, జవాబే ఇవ్వనివారికీ నర్సు ఫోన్ చేసేవారు. ఏడాది తర్వాత మందు సరిగా వాడుతున్నామని చెప్పినవారు ఆ వర్గంలో 62 శాతం, మెసేజ్ అందని వర్గంలో 50 శాతం. రక్తంలో వైరస్ అణిగినవారు 57 శాతం, 48 శాతం. ఆ ఒక్క మాట వెనుక ఫోన్ చేసే నర్సు ఉన్నారు. చాలామంది ఆ మాటను అనుకరిస్తారు, నర్సును మరిచిపోతారు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో బీపీ ఉన్న 1,372 మందితో జరిగిన పరిశోధన 2016లో వచ్చింది. ఏడాది పాటు మెసేజ్‌లు పంపితే, అందనివారితో పోలిస్తే బీపీ కొలతలోని పై సంఖ్య (140/90లో 140 లాంటిది) సగటున సుమారు 2 మి.మీ. తగ్గింది. ఎదురు జవాబిచ్చే ఏర్పాటు ఉన్నవారిలో కూడా అంతకంటే ఎక్కువ తగ్గలేదు. జవాబు బటన్ పెట్టినంత మాత్రాన రెండువైపుల సంభాషణ కాదని దీన్నుంచి అర్థం చేసుకోవాలి. భారత్‌లో షుగర్ అంచున ఉన్న 537 మంది ఉద్యోగ పురుషులకు వారానికి 2 నుంచి 4 ఎస్‌ఎంఎస్‌లు పంపారు. 2013లో వచ్చిన ఫలితం: రెండేళ్లలో మెసేజ్‌లు అందనివారిలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది, అందినవారిలో 18 శాతం మందికి. అందరికీ ఒకే మెసేజ్ పంపలేదు. మారాలనే ఆలోచన లేనివారికి ఒక రకం, మొదలుపెట్టినవారికి ఒక రకం.

ఇక గ్రూపు పెట్టే విషయం. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు పడతారు. పట్టినంత మందినీ చేర్చకూడదు. వారానికి ఒక్కొక్కరు ఒక ప్రశ్న అడిగి, ఒక్కో జవాబుకు ఐదు నిమిషాలు పట్టిందనుకుంటే 40 మందికి 200 నిమిషాలు. ఒక నర్సు మిగతా పనితో పాటు చేయగలరు. 400 మందికి 33 గంటలు, అంటే దాదాపు ఒక పూర్తి ఉద్యోగం. ఆ ఉద్యోగానికి మనిషిని పెట్టకుండా గ్రూపు పెంచితే మొదట జవాబులు ఆలస్యమవుతాయి, తర్వాత రోగులే ఒకరి మోతాదు ఇంకొకరికి చెప్పడం మొదలవుతుంది. అక్కడి నుంచి గ్రూపు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

చేర్చే రోజున ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు సంగతులు చెప్పాలి. గ్రూపులో మీ నంబర్ అందరికీ కనిపిస్తుంది. జవాబులు ఫలానా రెండు వేళల్లోనే వస్తాయి. మందు మోతాదు గ్రూపులో అడగొద్దు, నర్సుకు విడిగా రాయండి. ఇది అత్యవసర సేవ కాదు. క్యాన్సర్, హెచ్‌ఐవీ, మానసిక వ్యాధుల వంటి వాటికి అసలు గ్రూపే వద్దు. ఒక్కొక్కరికి విడివిడిగా పంపాలి, లేదా సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించని ఛానెల్ వాడాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే 256 మందికే, అదీ మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. ‘పంపాం, ఎవరూ చూడలేదు’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. చేర్చిన రోజే, మీ కళ్లముందే నంబర్ సేవ్ చేయించాలి. పెద్ద ఎత్తున సాఫ్ట్‌వేర్ ద్వారా పంపే పద్ధతిలో, రోగి చివరిగా రాసిన 24 గంటల్లోపే సొంత మాటల్లో జవాబివ్వగలరు. గడువు దాటితే వాట్సాప్ ముందే ఆమోదించిన నమూనా మెసేజ్‌లు మాత్రమే వెళ్తాయి. సెలవు రోజుల్లో ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

ఇంట్లో కొలిచిన బీపీని ఫొటో తీసి పంపమనడం మంచి పద్ధతి, కొలవడం వస్తేనే. ఐదు నిమిషాలు కూర్చుని ఉండాలి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా. పట్టీ బట్టల మీద కాదు, చేతి మీదే కట్టాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. కిందికి వేలాడితే సంఖ్య ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంతే. మాట్లాడకూడదు. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ పంపాలి. ఈ పద్ధతిని ఒక నిమిషం వీడియోగా తీసి గ్రూపులో పైన పిన్ చేస్తే, తప్పు కొలతలు చూసి మందు పెంచే ప్రమాదం తప్పుతుంది.

జవాబిచ్చే నర్సు ఎదుట ఒక కాగితం అతికించి ఉండాలి. బీపీ 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం వంటివి ఉంటే, లేదా మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, చాటింగ్‌తో గడపడానికి సమయం లేదు. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. పాదం మీద పుండు నొప్పి లేకపోయినా ఆ రోజే చూపించాలి. నొప్పి లేకపోవడమే అక్కడ చెడ్డ గుర్తు.

మెసేజ్ ఎలా రాయాలి

‘ఉప్పు తగ్గించండి’ అనేది సలహా కాదు, నినాదం. ఎంత తింటున్నారో వాళ్లకే తెలియదు, ఎంత తగ్గించాలో మీరు చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే. దీన్ని వంటింటి లెక్కలోకి మార్చాలి. నలుగురున్న ఇంటికి నెలకు 4 × 5 × 30, అంటే 600 గ్రాములు. అప్పుడు మెసేజ్ ఇలా అవుతుంది: ‘కిలో ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. మీరు నలుగురైతే అది 50 రోజులు రావాలి. ఎన్ని రోజులు వచ్చిందో మాకు రాయండి.’ 30 రోజుల్లోనే అయిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టు. బయట కొన్న వాటిలోని ఉప్పు ఇంకా ఈ లెక్కలో లేదు. ఈ ఒక్క మెసేజ్‌తో నెలన్నర సంభాషణ నడుస్తుంది.

ఒక మెసేజ్‌లో ఒక్క పనే చెప్పాలి. చదవలేనివారికి వాయిస్ పంపాలి. రోజూ పంపితే వారం తిరక్కుండానే మ్యూట్ చేస్తారు. వారానికి రెండు మూడు చాలు. మందు తీసుకునే తేదీకి మూడు రోజుల ముందు ఒకటి మాత్రం తప్పకుండా వెళ్లాలి.

ఫోన్ లేనివారి సంగతి ఇంకా ఉంది. 2024లో అల్పాదాయ దేశాల జనాభాలో ఇంటర్నెట్ వాడేవారు 27 శాతమే. అల్ప, మధ్యాదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడకంలో పురుషుల కంటే స్త్రీలు దాదాపు 15 శాతం వెనకబడి ఉన్నారు. ముసలివారు, పేదలు, స్త్రీలు, అంటే సాయం ఎక్కువగా కావలసినవారే గ్రూపులో లేరన్నమాట. జాబితాలో ప్రతి పేరు ఎదుటా వాట్సాప్, ఎస్‌ఎంఎస్, ఫోన్ కాల్, ఇంటికి వెళ్లడం అనే నాలుగింట్లో ఏది అని రాసి పెట్టుకోవాలి. ప్రీపెయిడ్ నంబర్లు వాడకపోతే కంపెనీ వేరేవారికి ఇచ్చేస్తుంది కాబట్టి, క్లినిక్‌కు వచ్చిన ప్రతిసారీ నంబర్ అడిగి సరిచూడాలి. లేకపోతే ఒకరి జబ్బు వివరాలు ఎవరో అపరిచితుడికి చేరతాయి.

పని చేసిందో లేదో

లైకులు, వ్యూలు, సభ్యుల సంఖ్య నివేదికకు బాగుంటాయి. లెక్కపెట్టాల్సినవి మూడు: తేదీకి మందు తీసుకెళ్లినవారు ఎందరు, ఆరు నెలల తర్వాత బీపీ 140/90 కంటే తక్కువ ఉన్నవారు ఎందరు, మధ్యలో కనిపించకుండా పోయినవారు ఎందరు. మూడోదాన్ని లెక్క నుంచి తీసేస్తే ఫలితం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మిగిలేది శ్రద్ధ ఉన్నవారే కాబట్టి. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చూస్తే అది గత రెండు మూడు నెలల సగటు, నాలుగు వారాలకే చూసి తగ్గలేదని నిరాశపడటం తప్పు.

ఇంకో మాయ ఉంది. బీపీ బాగా ఎక్కువ ఉన్న రోజున చేర్చుకున్నవారిని నెల తర్వాత కొలిస్తే ఏమీ చేయకపోయినా కొంత తగ్గి కనిపిస్తుంది. ఎందుకంటే ఆ మొదటి రోజు సంఖ్యే మామూలు కంటే ఎక్కువ. గ్రూపులో లేని అలాంటి రోగుల్ని పక్కన పెట్టి పోల్చకపోతే ఆ తగ్గుదలంతా మెసేజ్‌ల ఖాతాలో పడిపోతుంది.

ప్రాజెక్టు నిధులు సాధారణంగా రెండు మూడేళ్లకు అయిపోతాయి. జబ్బు అప్పటికీ ఉంటుంది. గ్రూపు నంబర్ మొదటి రోజు నుంచే క్లినిక్ పేరు మీద ఉండాలి, ప్రాజెక్టు ఉద్యోగి సొంత సిమ్ మీద కాదు. మూసేయక తప్పకపోతే మూడు నెలల ముందే చెప్పాలి. ఇకపై ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేరు, ఒక నంబర్ ఇవ్వాలి. చివరి నెలలో ప్రతి సభ్యుడి చివరి మూడు బీపీ కొలతలూ, వాడుతున్న మందులూ, తర్వాతి తేదీ కార్డు మీద రాసి చేతికివ్వాలి. ఆ తర్వాతే గ్రూపులోని సందేశాలు తుడిచేయాలి.